రహీం సాహెబు

ఆటలో గోలు కొట్టినవాని పేరు లోకమునకు వెంటనే తెలియును. వానికి బంతి తన్నుట నేర్పిన గురువు పేరు పెక్కుమందికి తెలియదు. అట్టి గురువులలో అగ్రగణ్యుడు హైదరాబాదు నగరవాసియగు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆటగాండ్రందరు ఆయనను రహీం సాహెబని గౌరవముతో పిలుచుచుండిరి.

రహీముగారు 1909 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్న దినములలో అచటి ఫుట్‌బాల్ జట్టులో ఆడి పేరు పొందిరి. పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయవృత్తి నవలంబించి, హైదరాబాదులోని పలు పాఠశాలలలో పనిచేసిరి. తరగతిగదిలో అలవడిన ఓర్పు, క్రమశిక్షణ ఆయనకు మైదానమునను తోడ్పడెను. 1943 లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. 1950 లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి.

ఆ కాలమున బంతిని తన కాళ్ళయొద్దనే ఉంచుకొని, ఒక్కడే నలుగురిని తప్పించుకొని పోవుట గొప్ప నేర్పుగా ఎంచబడుచుండెను. రహీముగారి కది నచ్చలేదు. ఎంతటివాడు పరుగెత్తినను బంతి అతనికంటె వేగముగా పోవును. కావున దానిని వెంటనే తోటివాని కందించుటయే తెలివి యని ఆయన బోధించిరి. ఒక్క కాలితో మాత్రమే తన్నగలవాడు సగము ఆటగాడే యని తలచి, అలవాటులేని కాలితోనే ఆడవలెనను నియమముతో పందెములు నడిపిరి. మొదట నవ్విన వారే పిమ్మట ఆ సాధనవలన కలిగిన మేలు గ్రహించిరి. 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును పోలీసు జట్టు గెలుచుకొనెను.

సికిందరాబాదు ప్రాంతమున తులసీదాస్ బలరామ్ అను పేదబాలుడుండెను. అతని ఆటను చూచి రహీముగారు శిక్షణకు రమ్మనిరి. మైదానము దూరము, వచ్చుటకు బాలునియొద్ద డబ్బు లేదు. సైకిలు అద్దెకు కావలసిన సొమ్మును రహీముగారే ఇచ్చిరి. ఆ బాలుడు తరువాత 2 ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను.

1951 లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగెను. రహీముగారి శిక్షణలో మన జట్టు తుదిపోటీలో ఇరాను జట్టును 1-0 తో గెలిచి స్వర్ణపతకము పొందెను. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తో ఘోరముగా ఓడిపోయెను. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టి కాళ్ళతో ఆడిరి. ఆ పరాభవము తరువాత మన ఆటగాండ్రు బూట్లు తొడుగుట తప్పనిసరియయ్యెను. రహీముగారు నిరాశ చెందలేదు. ఐరోపా జట్లు ఆడు తీరును శ్రద్ధతో పరిశీలించి, మన ఆటగాండ్రకు తగినట్లు మార్చి నేర్పిరి.

ఆ కృషి 1956 లో మెల్బోర్న్ నగరమున ఫలించెను. ఆస్ట్రేలియా జట్టును దాని స్వదేశముననే మనవారు 4-2 తో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్ళు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఉపాంత్య పోటీకి చేరిన మొదటి ఆసియా దేశము భారతదేశమే. మన జట్టునకు నాలుగవ స్థానము లభించెను. 1960 లో రోము నగరమున ఫ్రాన్సు జట్టుతో 1-1 తో సమానముగా నిలిచిరి. ఆ జట్టులో రహీముగారి కుమారుడు హకీముకూడ ఉండెను. అయినను తండ్రి అతనిని ఒక్క పందెమునను ఆడింపలేదు.

1962 లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధి రహీముగారి శరీరమును క్షీణింపజేయుచుండెను. మొదటి పందెములోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడిపోయెను. థాయిలాండుతో జరిగిన పందెమున రక్షకుడైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అంతేగాక, ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయనందులకు ఒక భారతీయ ప్రతినిధి అభ్యంతరము తెలిపెను. అందువలన అచటి ప్రజలు మనవారిపై ఆగ్రహించియుండిరి.

సెప్టెంబరు 4 వ తేదీన తుదిపోటీ. ఎదుట మరల దక్షిణ కొరియాయే. ముందునాటి రాత్రి రహీముగారు ఆటగాండ్రను చేరబిలిచి, తన కొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమే యనియు చెప్పిరి. గాయపడిన జర్నైల్ సింగును రక్షణస్థానమునుండి తప్పించి ముందువరుసలో నిలిపిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారిని హేళన చేయుచుండగా ఆట సాగెను. 17 వ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు కొట్టెను. కొలది నిమిషములకే తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగు రెండవ గోలు కొట్టెను. కొరియావారు చివరకు ఒక గోలు మాత్రమే సాధింపగలిగిరి. 2-1 తో భారతదేశము గెలిచెను. గురువు కోరిన కానుకను శిష్యులు చెల్లించిరి.

ఆ విజయమునకు తరువాత రహీముగారు ఒక సంవత్సరమైన జీవింపలేదు. 1963 జూన్ 11 వ తేదీన కన్నుమూసిరి. ఆసియా క్రీడలలో భారతదేశము ఫుట్‌బాల్‌లో స్వర్ణపతకము పొందినది 2 పర్యాయములే. ఆ రెండు పర్యాయములును శిక్షకుడు రహీముగారే. 1962 తరువాత 60 సంవత్సరములు గడచినను మన దేశమునకు ఆ పతకము మరల దక్కలేదు. ఒక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన కార్యమెంత గొప్పదో దీనివలన తెలియుచున్నది.