నాన్సెన్ కుక్కర్

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనగానే నోబెల్ శాంతి బహుమతి, దేశం లేని శరణార్థులకిచ్చిన నాన్సెన్ పాస్‌పోర్టు చెబుతారు. హీట్ ట్రాన్స్‌ఫర్ చదివే మనకి మాత్రం ఆయన వంటపొయ్యి కూడా తెలియాలి.

1861లో నార్వేలో పుట్టాడు. చదివింది జంతుశాస్త్రం. 1888లో ఐదుగురితో కలిసి గ్రీన్‌లాండ్ మంచుని స్కీల మీద అడ్డంగా దాటాడు. అక్కడ చలి ఒక ఎత్తు, దాహం ఒక ఎత్తు. చుట్టూ ఉన్నదంతా నీళ్ళే, గడ్డకట్టి ఉంది! కరిగించాలంటే ఇంధనం కావాలి, దాన్ని స్లెడ్జి మీద మనుషులే లాగాలి. వాళ్ళ దగ్గరున్నది స్పిరిట్ స్టవ్వు. పంపూ పిన్నూ అక్కర్లేదు గానీ, స్పిరిట్‌కి కిలోకి వచ్చే వేడి కిరసనాయిల్‌లో సుమారు మూడింట రెండొంతులే. చిన్న ఫ్లాస్కుల్లో మంచు నింపి, బట్టల లోపల పెట్టుకుని ఒంటి వేడితో కరిగించుకున్నారంటే చూడండి.

1892లో స్వీడన్‌లో ప్రైమస్ వచ్చింది. మన అమ్మమ్మల ఇళ్ళలో బుస్సుమనే పంపు స్టవ్వు వంశమే అది. కిరసనాయిల్ ఆవిరై మండుతుంది. ముందు గొట్టాన్ని స్పిరిట్‌తో బాగా వేడి చెయ్యాలి. తొందరపడి పంపు కొడితే పచ్చి నూనె ఎగజిమ్మి మంట లేస్తుంది, గుడారంలో అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గాలి ఆడకుండా మూసేసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంకో గండం.

నాన్సెన్ దాని మీద తన కుక్కర్ పెట్టాడు. మధ్యలో వంటగిన్నె, చుట్టూ గాజులా ఇంకో పాత్ర, పైన మూడోది. వేడిగాలి గిన్నెని తాకి ఊరికే పోకుండా, పక్కనా పైనా ఉన్న మంచుని కరిగించాకే బయటికి వెళ్ళాలి. సింపుల్, కానీ ఎంత తెలివైన పని!

1895 మార్చిలో ఫ్రామ్ ఓడ దిగి, యొహాన్సెన్‌తో ఉత్తర ధ్రువం వైపు నడిచాడు. ధ్రువం అందలేదు. వెనక్కొస్తూ ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌లో రాళ్ళ గుడిసెలో చలికాలమంతా గడిపారు. అక్కడ దిక్కు జంతువుల కొవ్వే. మందుల సంచిలోని బ్యాండేజీ గుడ్డలే దీపానికి వత్తులు. 1896 జూన్‌లో జాక్సన్ అనే ఇంగ్లీషువాడికి ఎదురుపడేసరికి నాన్సెన్ నిలువునా మసీ జిడ్డూ.

తర్వాత అదే ఫ్రామ్‌ని అముండ్‌సెన్‌కి ఇచ్చాడు. దక్షిణ ధ్రువానికి అముండ్‌సెన్, స్కాట్ ఇద్దరూ తీసుకెళ్ళింది ప్రైమస్ స్టవ్వే; స్కాట్ దగ్గర నాన్సెన్ కుక్కర్ కూడా ఉంది. అముండ్‌సెన్ నూనె డబ్బాలు కారకుండా గట్టిగా మూయించాడు. స్కాట్ డబ్బాలకి తోలు వాషర్లు. 1912లో తిరిగొస్తూ డిపోల్లో చూస్తే నూనె తగ్గిపోయి ఉంది. ఆ ఐదుగురిలో ఎవరూ ఇల్లు చేరలేదు.

నాన్సెన్ ఆ తర్వాత యుద్ధఖైదీల కోసం, రష్యా కరువు బాధితుల కోసం తిరిగాడు. 1922లో నోబెల్ వచ్చింది. 1930 మే 13న కన్నుమూశాడు.