ఆరెల్ స్టెయిన్

హిమాలయములకును టిబెట్టు పీఠభూమికిని ఉత్తరమున, చైనా దేశపు పశ్చిమ భాగమున, తక్లమకాన్ అను గొప్ప ఎడారి కలదు. పూర్వము దాని అంచుల వెంబడి పట్టు వర్తకుల బాటలు సాగెడివి. బౌద్ధ భిక్షువులు మన దేశమునుండి చైనాకు పోయినదియు ఆ బాటలమీదనే. కాలక్రమమున నదులు దారి మార్చగా పెక్కు ఊళ్లు నీరులేక పాడుపడి ఇసుకలో మునిగిపోయెను. వాన మిక్కిలి అరుదగుటచే కర్ర, తోలు, కాగితము సైతము ఆ ఇసుక క్రింద చెడక నిలిచినవి. వానిని వెలికి దీసిన వారిలో ఆరెల్ స్టెయిన్ ముఖ్యుడు.

స్టెయిన్ 1862లో హంగేరీ దేశమున జన్మించెను. సంస్కృతమును, పారసీకమును నేర్చి, 1888లో లాహోరు ఓరియంటల్ కళాశాలకు అధ్యక్షుడై వచ్చెను. కల్హణుని రాజతరంగిణిని పరిష్కరించి ఆంగ్లమున అనువదించినవాడితడే. 1900 మే నెలాఖరున ఆతడు కాశ్మీరము విడిచి, సర్వే శాఖకు చెందిన రామ్‌సింగు అను ఉద్యోగితోను, యోల్చి బేగ్ అను చిన్న కుక్కతోను కనుమలు దాటి ఖోటాను పట్టణము చేరెను.

ఎడారిలో త్రవ్వకములకు ఆతడు శీతకాలమునే ఎన్నుకొనెను. వేసవియందచట ఎండయు, ఇసుక తుపానులును మనుష్యులను నిలువనీయవు. అంతకంటె ముఖ్యమైన కారణము నీరు. చలికాలమున నీరు గడ్డకట్టును గనుక మంచు దిమ్మలను ఒంటెలమీద వేసికొని పోవచ్చును. వానిని కరగించియే వంటకును, త్రాగుటకును నీరు పొందవలెను. స్నానమను మాట అచట ఎవరు తలతురు?

డిసెంబరు నెలలో ఆ బృందము దండాన్ ఉయిలిక్ అను శిథిల గ్రామము చేరెను. పాతరలు వెదకుటలో తల నెరసిన తుర్దీ అను వృద్ధుడు ఇసుక తిన్నెల నడుమ దారి చూపెను. ముప్పదిమంది కూలీలు పారలతో వెంట నడిచిరి. వందల యేండ్ల క్రిందట ఎండిన తోటల మ్రాకులే వారికి వంటచెరకయ్యెను. మేత లేని చోట ఒంటెలకు ఆవజాతి గింజల నూనె పోసెడివారు. దుర్వాసన గల ఆ నూనెను ఒంటెలవాడు ఒంటెల తేనీరని పిలిచెడివాడు!

రాత్రులయందు శీతలత సెంటిగ్రేడు సున్నకు ఇరువది డిగ్రీల దిగువకు పోవుచుండెను. స్టెయిన్ గుడారములోని చిన్న పొయ్యి ఆ చలికి చాలెడిది కాదు. పగలెల్ల త్రవ్వించిన వానిని గూర్చి రాత్రి వ్రాసికొనవలెను. కాని వ్రేళ్లు కొంకర్లు పోయి కలము సాగెడిది కాదు. అపుడాతడు తలతో సహా కప్పుకొని, తన ఉన్ని తోలు కోటు చేతిగుండ ఊపిరి పీల్చుచు పరుండెడివాడు. కాశ్మీరమున కుట్టించిన చిన్న కోటు తొడిగికొన్న యోల్చి బేగ్ అప్పటికే ఆ దుప్పట్లలో దూరియుండెడిది.

1901 జనవరిలో ఇబ్రహీం అను గ్రామీణుని వద్ద రెండు కొయ్య పలకలు కనబడెను. వానిపై ఖరోష్ఠీ లిపి యుండెను. దాని విలువ యెరుగని ఇబ్రహీం మరికొన్నిటిని పిల్లలకు ఆడుకొన నిచ్చియుండెను. ఆతడే దారిచూపగా స్టెయిన్ నియా శిథిలములకు పోయెను. అచట ఒక పాడిల్లు చెత్తకుప్పతో నిండియుండెను. శీతల వాయువు వీచుచుండగా, శతాబ్దములైనను వాసన చావని ఆ చెత్తలో ఆతడు మూడు దినములు గాలించెను. అందు రెండువందలకు పైగా కొయ్యపై వ్రాసిన పత్రములు దొరకెను. కొన్నింటి మట్టి ముద్రలపై గ్రీకు దేవతల రూపములుండెను. వ్రాతలో భాష మాత్రము మన దేశపు ప్రాకృతమే. క్రీస్తు శకము మూడవ శతాబ్దమునాటి రాజాజ్ఞలు, తగవులు, పన్ను లెక్కలు అందు గలవు.

1906లో ఆరంభించిన రెండవ యాత్ర మరింత కఠినమైనది. అందు నాయక్ రామ్‌సింగు అను మరియొక రామ్‌సింగు ఉండెను. ఆతడు సైన్యములోని పనివాడు. వడ్రంగము, ఫొటోగ్రఫీ ఎరిగినవాడు. మీరాన్ అను చోట గోడచిత్రములను ఛాయాచిత్రములు తీసి, పదిలముగ ఊడదీయుటకై స్టెయిన్ ఆతనిని పంపెను. దారిలోనే ఒక కంటి చూపు పోయెను. అయినను ఆతడు వెనుదిరుగక పని యారంభించెను. రెండవ కన్నును పోయెను. 1908లో ఆతనిని అంధునిగా కొనితెచ్చిరి. స్టెయిన్ పట్టుబట్టి ప్రభుత్వముచే పింఛను ఇప్పించెను గాని, ఆతడు చిరకాలము జీవింపలేదు. పండితుల గ్రంథములలో యాత్రానాయకుని పేరు పెద్దక్షరములతో ఉండును. ఇట్టివారి పేర్లకై వెదకవలెను. ఆ యేటనే కున్‌లున్ పర్వతములపై మంచు కొరికి స్టెయిన్ కుడికాలి వ్రేళ్లను కోల్పోయెను.

1907లో తున్‌హువాంగు గుహలయందు ఒక పూజారికి స్వల్పమైన సొమ్మిచ్చి, ఇరువదినాలుగు పెట్టెల ప్రాచీన గ్రంథములను ఆతడు కొనిపోయెను. తమ నిధిని తరలించుకొని పోయినాడని చైనావారు ఆతనిని నిందింతురు. ఆ నింద నిరాధారమని చెప్ప వీలులేదు. 1930లో ఆతడు మరల పోయినపుడు వారు త్రవ్వకములకు అడ్డుపడిరి.

ఆఫ్ఘనిస్థానము చూడవలెనని స్టెయిన్‌కు యౌవనము నుండియు కోరిక. పలుమార్లు అనుమతి దొరకలేదు. తుదకు 1943 అక్టోబరులో, ఎనుబదియేండ్లు నిండిన పిమ్మట, కాబూలు చేరి, కొలది దినములకే అచట మరణించెను. ఆతడు తెచ్చిన వస్తువులలో పెక్కు నేడు లండనులోను, కొన్ని ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలలోను ఉన్నవి.