జోలె పట్టిన పండితుడు: మదనమోహన మాలవీయ

చందా పుస్తకము చేత బట్టి గడప గడపకు తిరిగినవారికే ఆ పనిలోని బరువు తెలియును. ఇచ్చినవారి యెదుట తల యెత్తవలెనో దించవలెనో తోచదు. ఈయనివారి గుమ్మము దిగునపుడు మనస్సు చివుక్కుమనును. నాలుగు డబ్బులు ఎక్కువ పోగైన నాడు అది తన ప్రయోజకత్వమే యను గర్వము తలకెక్కును. ఈ గ్రంథాలయము నిలిచిన యిరువదియైదేండ్లలో ఈ పని చేసినవారు మనలో పెక్కుమంది గలరు. నేనును కొంతకాలము చేసితిని. కావుననే దేశమెల్ల తిరిగి జోలె పట్టియు తన యంతరంగమును చెడనీయని యొక మహనీయుని చరిత్రమును ఈ సంచికకు వ్రాయ దలచితిని.

మాలవీయ పండితులు 1861వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రయాగలో జన్మించిరి. తండ్రి బ్రజనాథులు భాగవతము చెప్పి సంసారము నీదిన పౌరాణికులు. ఇంట భక్తి కలదు గాని కలిమి లేదు. పట్టపరీక్ష ముగియగానే కుటుంబ భారము మీదపడుటచే కుమారుడు ప్రయాగలోని ప్రభుత్వ పాఠశాలలో నెలకు 40 రూపాయల జీతమున కుపాధ్యాయుడయ్యెను.

1887లో కాలాకాంకరు ప్రభువైన రాజా రాంపాల్ సింగు తన హిందుస్థాన్ పత్రికకు సంపాదకునిగా ఆయనను పిలిచెను. రాజు ఉదారుడే గాని మద్యపాన ప్రియుడు. మద్యము సేవించియున్నపుడు తన్ను పిలువరాదను నియమము మీదనే మాలవీయ ఆ కొలువున కొప్పుకొనిరి. కొంతకాలమునకు రాజు ఆ మాట తప్పెను. మాలవీయ కలహింపలేదు, నిందింపలేదు. ఉద్యోగము మాత్రము విడిచిరి. ఆశ్చర్యమేమనగా, వారి న్యాయశాస్త్ర విద్యకు ధనసహాయము చేసినవాడును ఆ రాజే. దాత యెడల కృతజ్ఞత వేరు, దాతకు లోబడుట వేరు. ఈ భేదము వారికి ముప్పది యేండ్లు నిండక మునుపే తెలిసినది. చందాలకు తిరుగువారిలో అనేకులకు అది కడవరకును తెలియదు.

తరువాత వారు ప్రయాగ హైకోర్టులో పేరొందిన వకీలై, తొలుత హిందూ విద్యార్థుల వసతిగృహమునకు చందాలు పోగుచేసిరి. కాశీలో విశ్వవిద్యాలయము స్థాపింపవలెనను తలపును 1905లో లోకమునకు వెల్లడించిరి. నవ్వినవారు తక్కువగా లేరు. పని పెరిగినకొలది రాబడి గల వృత్తిని విడనాడిరి. చౌరీచౌరా కేసులో 172 మందికి మరణశిక్ష పడినపుడు మాత్రము 1923లో మరల నల్లకోటు తొడిగి అప్పీలు వాదించిరి. వారిలో పెక్కుమంది ఉరి తప్పించుకొనిరి.

1911లో విశ్వవిద్యాలయ సంఘ మేర్పడినది. ముందుగా ఏబది లక్షలు చూపవలెనని ప్రభుత్వము నియమము పెట్టెను. దర్భంగా మహారాజు రామేశ్వర సింగును తోడు చేసికొని మాలవీయ రైలు మీద రైలెక్కి ఊరూరు తిరిగిరి. మైసూరు, బికనీరు మొదలగు సంస్థానాధీశు లిచ్చిరి; హైదరాబాదు నిజామును ఇచ్చెను; కూలివాడును ఇచ్చెను. నిజామును గూర్చి ప్రచారములో నున్న చెప్పుల వేలము కథ నేనిచట వ్రాయను. మాలవీయ నేర్పు చమత్కారములో లేదు. ఎవరిని అడుగుచున్నను తనకై యడుగుటలేదను నిశ్చయమొక్కటే వారి బలము. 1915లో శాసనము వచ్చినది. 1916 ఫిబ్రవరి 4వ తేదీన కాశీ మహారాజు ప్రభునారాయణ సింగు ఇచ్చిన భూమిలో, గంగ యొడ్డున, పునాదిరాయి పడినది.

ఇట్టి తిరుగుడులో మనస్సు నిలుచుట యెట్లు? ఎచటనున్నను వారికి సంధ్యావందనము తప్పదు. భాగవతము, భగవద్గీత నిత్యపారాయణ గ్రంథములు. విశ్వవిద్యాలయములో ఆదివారములందు గీతా ప్రవచనములు జరుగునట్లు ఏర్పాటు చేసి తామును చెప్పుచుండిరి. 1931లో రౌండుటేబులు సమావేశమునకు లండను వెళ్లినపుడు సయితము గంగాజలము వెంట గొనిపోయిరి. ఇంతటి ఆచారము మనలో కొందరికి ఛాందసముగా తోచవచ్చును. నాకును కొంత తోచినది. అయినను ఒక్క సంగతి యొప్పుకొనవలెను. దినములో కొంత భాగమైనను ధనపు మాట చొరరానిదిగా వారు కాపాడుకొనిరి. ఆ వేళ యెదుట దాత లేడు, లెక్క లేదు, పొగడ్త లేదు. అడుగువాడు ఆ వేళ యడుగునది దైవమును మాత్రమే. మరునాడు ఎవడైన కాదన్నచో ఆ తిరస్కారము తన కార్యమునకు తగిలినదే గాని తనకు తగులలేదని సహించుటకు ఆ యభ్యాసమే తోడ్పడియుండును.

వారిలో లోపము లేకపోలేదు. చేతిలోని సొమ్మునకు మించి భవనములు తలపెట్టుట వారి యలవాటు. దానివలన విద్యాలయము అప్పులపాలై సహచరులు కలత చెందిరి. ఆత్మను కాపాడుకొన్నంతగా శరీరమును కాపాడుకొనలేదు. 1919 నుండి యిరువది యేండ్లు ఉపాధ్యక్ష పదవి మోసి, శాసనసభలలోను కాంగ్రెసులోను పాటుపడి, డెబ్బదియారేండ్ల ప్రాయమున పూర్తిగా డస్సిపోయిరి. 1938లో ఒక తపస్వి మాట నమ్మి చీకటి కుటీరములో కాయకల్ప చికిత్స చేయించుకొనిరి. తొలుత దేహము తేరుకొన్నట్లు కనిపించినది గాని ఆ మేలు నిలువలేదు. విశ్రాంతిని వాయిదా వేసినవానికి ఔషధము మాత్ర మేమి చేయగలదు?

1939లో ఆ భారము అంతకు ముందు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై యుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుల భుజము మీద పెట్టిరి. 1946లో నౌఖాలీ దారుణముల వార్తలు విని మిక్కిలి క్రుంగి, నవంబరు 12వ తేదీన కాశీలో దేహము చాలించిరి. 2014లో భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము ప్రకటించినది.

విద్యాలయ ప్రాంగణములో విశ్వనాథాలయమునకు 1931లో పునాది పడగా, బిర్లాల ద్రవ్యముతో ఆ పని సాగి 1966లో శిఖరము ముగిసినది. సర్వజనులకు ప్రవేశము గల ఆ గుడిని మాలవీయ చూడలేదు.