ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు

ఈ ఉగాది సంచిక చేతబట్టిన మన కుటుంబములలో చాలవరకు పొట్టకూటికై సొంతవూరు వదలి ఈ పావగడ సీమకు వచ్చినవే. ఊరు వదలుట యెట్టిదో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. అయితే జీతమునకు గాక పట్టుదల కొరకు, ఒకరిద్దరు గాక ఒక పట్టణమునకు పట్టణమే ఇండ్లు విడిచి పోయిన దొకటి మన తెలుగునాట జరిగినది. ఆ పట్టణము చీరాల. ఆ జనమును నడిపించినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. మన పిల్లలు కన్నడ బడులలో చదువుకొనుచు ఈ పేరు వినకయే పెరుగుచున్నారు గనుక, వారికొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. పుట్టిన కొద్దిదినములకే తల్లియు, పసితనముననే తండ్రియు పోయిరి. బంధువులే పెంచి పెద్దచేసిరి. మెట్రిక్యులేషను అయిన పిమ్మట కొంతకాలము బాపట్ల తాలూకా కచేరిలో చిన్న యుద్యోగము చేసిరి. మావంటి గుమాస్తాలకు ఈ సంగతి ఒకింత గర్వకారణమే! కాని ఆయన ఆ కుర్చీలో నిలువలేదు. సీమకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయములో చదివి ఎం.ఎ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చిరి. అది 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము వారిచే అచ్చయినది. ఇంత చదువు చదివినవారు పెద్ద యుద్యోగము చూచుకొని సుఖముగా నుండవచ్చును. ఆయన రాజమండ్రిలోను, బందరు జాతీయ కళాశాలలోను కొన్నాళ్లు పనిచేసి, రెండుచోట్లను నిలువక, తుదకు చీరాల చేరిరి. ఒకరి క్రింద అణగియుండు స్వభావము ఆయనది కాదని మా యూహ.

చీరాల, పేరాల రెండును ప్రక్కప్రక్క యూళ్లు. చేనేతవారు హెచ్చు. అంతవరకు యూనియనుగా నున్న ఆ గ్రామములను మద్రాసు ప్రభుత్వమువారు కలిపి మునిసిపాలిటీ చేసిరి. దానితో ఏటా సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను ఎన్నోరెట్లు పెరిగినది. మాకు మునిసిపాలిటీ వలదని ప్రజలు అర్జీలు పెట్టుకొనిరి. వినువారు లేరు. అంతట పన్నులు కట్టుట మానివేసిరి. కొందరిని జైలుకు పంపిరి. అందులో ఒక స్త్రీ కూడ నున్నది.

ఈ జనమునకు కట్టుబాటు నేర్పుటకు గోపాలకృష్ణయ్యగారు రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. కాషాయ వస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ, ఇదీ వారి వేషము. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, పోటెత్తివచ్చిన జనమును అదుపులో నుంచినది ఈ దండే. ఆయన వాగ్ధాటి, హాస్యము, పాట, పద్యము అన్నియు ఈ పనికే వినియోగపడినవి. నవ్వించి నవ్వించి ప్రజలలోని భయమును పోగొట్టెడివారట.

ఆ సమావేశము ముగిసిన పిమ్మట ఏప్రిల్ 6న గాంధీగారు చీరాలకు వచ్చిరి. దౌర్జన్యము లేకుండ పన్ను నిరాకరించుచు జైళ్లకు పోవుట యొక మార్గమనియు, మునిసిపాలిటీ హద్దు దాటి వెలుపల కాపురముండుట రెండవ మార్గమనియు, మనుష్యులే లేనిచోట మునిసిపాలిటీ దానంతట అదే పోవుననియు చెప్పిరి. ఏది చేసినను తమ బలముపైననే చేయవలెనని కూడ హెచ్చరించిరి. జనులు రెండవదానినే కోరుకొనిరి.

ఆ నెలాఖరునకే ప్రయాణము. సుమారు 15,000 జనములో 13,000 మందికి పైగా ఇండ్లకు తాళములు వేసి, హద్దు వెలుపల పాకలు వేసికొని, ఆ చోటునకు రామనగరమని పేరుపెట్టుకొనిరి. మన తాలూకాలో వై.ఎన్. హొసకోట మగ్గములు చూచినవారికి ఆ కష్టము ఇట్టే బోధపడును. గుంట మగ్గమును చంకను పెట్టుకొని పోలేము. క్రొత్తచోట మరల గుంట త్రవ్వవలెను; వానకాలమున ఆ గుంటలో నీరు దిగును; నేత సాగనినాడు పొయ్యి వెలుగదు. ఎండకు, వానకు, చలికి ఓర్చి పదకొండు నెలలు నిలిచిరి. ఎవరిమీదను చేయి చేసుకొనలేదు.

అంతమందికి కూడు, గూడు చూచుటకు డబ్బు కావలెను. చందాలకై గోపాలకృష్ణయ్యగారు బరంపురము పోయిరి. అచ్చట ఉపన్యసింపరాదని ఉత్తరువు. ఆయన దానిని లక్ష్యపెట్టలేదు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపిరి. నాయకుడు జైలులో, డబ్బు నిండుకొనినది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘోరము జరుగగా గాంధీగారు శాసనోల్లంఘనమును ఆపివేసిరి. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు వైపు రైతుల పన్ను నిరాకరణము కూడ ఆగిపోయినది. చీరాలవారును తిరిగి తమ యిండ్లకు చేరుకొనిరి.

ఓడిపోయిరని వ్రాసినవారు కలరు. మాకట్లు తోచదు. పన్ను మాట యెట్లున్నను, పదమూడు వేలమందిని ఇండ్లలోనికి రప్పించుటకు పదకొండు నెలలపాటు ప్రభుత్వమువారి వశము కాలేదు. మనకు పొరుగుననే, హిందూపురము దాటి బెంగుళూరు పోవు దారిలోని విదురాశ్వత్థములో, 1938 ఏప్రిల్ 25న జెండా యెత్తబోయిన నిరాయుధులపై తుపాకులు ప్రేలినవి. అక్కడి స్మారకమును మనలో పలువురు చూచియేయుందురు. చీరాలవారు జెండాకు బదులు ఇంటి తాళమును పట్టుకొనిరి, అంతే భేదము.

జైలునుండి వచ్చిన తరువాత గోపాలకృష్ణయ్యగారికి మిగిలినది బీదరికమే. ఉన్నదంతయు ఉద్యమమునకే పోయినది. దానిపై క్షయరోగము సోకినది. ప్రజలు ఆంధ్రరత్నయని పిలిచిన ఆయన 1928 జూన్ 10న, ముప్పదితొమ్మిదేండ్ల వయస్సుననే కన్నుమూసిరి. విజయవాడలో ఆంధ్రరత్న భవనము ఆయన పేరిటిదే. చెన్నపట్టణము పోవు బండ్లు చీరాల స్టేషను మీదుగనే పోవును; ఆ దారిని పోవు మనవారు పిల్లలకు ఆ యూరిని కిటికీలోనుండి చూపవచ్చును.