కాలువ తవ్వించిన క్లౌ దొర

ధాత కరువు పేరు మన ఒంగోలు ప్రాంతపు కుటుంబాల్లో తాతముత్తాతల నుండి వింటూ వస్తున్నదే. 1876లో వానలు తప్పాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. అప్పుడు ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. ఆయన మన కథోలిక సంఘానికి చెందినవారు కారు. అయినా దానధర్మాలు చేసే ప్రతి విచారణవారూ ఆయన చేసిన పని తెలుసుకోదగినది.

1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టిన క్లౌ, బోధకుడు కాకముందు భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. 1866లో ఒంగోలు చేరారు. ఆయనను ఆశ్రయించినవారిలో అధికులు మాదిగలు. కూలి ఆడితే గాని పొయ్యి వెలగని ఆ ఇళ్లనే కరువు ముందుగా పట్టుకుంది.

గంజి పోయిస్తే ఆ పూట గడుస్తుంది, మర్నాడు మళ్లీ చెయ్యి చాపాలి. సర్కారు అప్పట్లో బకింగ్‌హాం కాలువను కరువు పనిగా తవ్విస్తోంది. ఆ కాలపు కరువు పనుల్లో కూలి ఎంతటిదంటే, 1877లో రిచర్డ్ టెంపుల్ దొర మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునన్నారు. పౌను అంటే అర కిలో కూడా కాదు! పైగా మేస్త్రీల అదిలింపులు. క్లౌ ఆలోచించి, కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నారు. సర్వే విద్య అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పని చూపి కూలి ఇప్పించారు. లేవలేని ముసలివారికి, జబ్బువారికి తవ్వకం పని అన్నం పెట్టదు గదా. వారికి గంజే దిక్కు. ఆ మాటా మరువరాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తరువాతి సంగతి. పనివారు సేద తీరే వేళ బోధకులు క్రీస్తు కథ చెప్పేవారు. జ్ఞానస్నానం కోరేవారు పెరిగారు. క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో తేలాలని ఆయన పట్టుదల. లెక్క పెంచి చూపించే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగడం సామాన్యమా?

సహాయపు పనులు ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పేర ఒంగోలులో ఆసుపత్రి వెలిసింది.