చక్రానికి గాలి కొట్టిన పశువుల డాక్టరు

పిల్లలూ! ధనుర్మాసం చలిలో తెల్లవారుజామునే మెట్టకూరులో షేర్ ఆటో ఎక్కితే మొదట్లో కుదుపులు ఎక్కువగా తెలుస్తాయి. కొంత దూరం పోయాక తగ్గుతాయి. రోడ్డు అదే, బండి అదే. మారింది టైరు. గాలి టైరును వాడుకలోకి తెచ్చిన జాన్ బోయ్డ్ డన్లప్ గురించి ఇవాళ తెలుసుకుందాం.

డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. పశువైద్యం చదువుకుని, 1867లో ఐర్లాండుకు వెళ్లి బెల్‌ఫాస్ట్ నగరంలో స్థిరపడ్డారు. పశువుల డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్నారు. రబ్బరుతో పనిచేయడం ఆయనకు ముందే అలవాటు.

అప్పట్లో గుర్రపు బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఉండేవి. సైకిళ్లకు గట్టి రబ్బరు వేసేవారు. రాళ్లు పరిచిన వీధిలో ప్రతి దెబ్బా కూర్చున్నవారి నడుముకే తగిలేది. కర్ర చక్రాల ఎడ్లబండి ఎక్కిన తాతయ్యలు మీ ఇంట్లో ఉంటే అడగండి, ఆ కుదుపు ఎలా ఉండేదో చెబుతారు.

డన్లప్ కొడుక్కి మూడు చక్రాల సైకిలు ఉండేది. దాని కుదుపులు తగ్గించాలని 1887లో తండ్రి ఒక చెక్క చక్రం తీసుకున్నారు. రబ్బరు గొట్టాన్ని దాని చుట్టూ అమర్చి, పైన గుడ్డ బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టారు. పెరట్లో ముందుగా కొడుకు సైకిలు చక్రాన్ని దొర్లించారు. అది మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం మాత్రం పెరడంతా దాటి గేటు స్తంభానికి కొట్టుకుంది. కుదుపు తగ్గించాలని చేసిన చక్రం వేగంగా కూడా పోతుందని అలా తేలింది. రాయి తగిలినప్పుడు లోపలి గాలి నొక్కుకుని ఆ దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. అందుకే బండి ఎగిరిపడదు, బలం వృథా కాదు.

1888లో డన్లప్‌కు పేటెంటు వచ్చింది. 1889లో బెల్‌ఫాస్ట్ పోటీల్లో విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలు తొక్కి గెలవడంతో టైర్ల వ్యాపారం మొదలైంది. అయితే 1890లో పెద్ద దెబ్బ తగిలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండు వాసి 1840లలోనే గాలి చక్రానికి పేటెంటు పొందారని బయటపడింది. డన్లప్ హక్కు చెల్లలేదు. సైకిళ్లు, మోటారు బండ్లు రాకముందే పుట్టిన థామ్సన్ ఆలోచనను జనం మరిచిపోయారు. అది తెలియకుండానే డన్లప్ మళ్లీ కనిపెట్టారు. ఎవరిది మొదటిదో, ఎవరు వాడుకలోకి తెచ్చారో రెండూ గుర్తుంచుకోవడమే న్యాయం.

1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు సులువుగా ఊడదీసే టైరు తెచ్చారు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచి పాలనలోనే ఉంది. డన్లప్ కొన్నేళ్లకే కంపెనీ నుంచి తప్పుకున్నారు. ఆ పేరు మీద ఇతరులు సంపాదించినంత ఆయన సంపాదించలేదు. 1921లో డబ్లిన్‌లో కన్నుమూశారు. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్లప్ ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత మన ఎడ్లబండ్లకూ గాలి టైర్లు వచ్చాయి. పశువుల డాక్టరు ఆలోచన చివరికి ఎడ్ల మెడ మీద భారాన్నీ తగ్గించింది.

ఇక చలి సంగతి. రాత్రంతా నిలిపి ఉంచిన బండి బరువుకు టైరు అడుగుభాగం నొక్కుకుపోతుంది. చలికి రబ్బరు బిగుసుకోవడంతో వెంటనే గుండ్రంగా మారదు. అందుకే మొదట్లో ఆ కుదుపు. కొంత దూరం నడిచి వేడెక్కాక సర్దుకుంటుంది. చలికి లోపలి గాలి పీడనం కూడా తగ్గుతుంది. 30 పీఎస్‌ఐ ఉన్న టైరులో వేడి 10 డిగ్రీలు తగ్గితే దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పడిపోతుంది. గాలి తక్కువైతే బండి ఊగుతుంది, టైరు అంచులు అరుగుతాయి. ఎక్కువైతే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. అందుకే బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. మిమ్మల్ని బడికి తెచ్చే ఆటో అన్నకు ఈ మాట చెప్పండి.

రేపు పొద్దున్నే మీ సైకిలు టైరును బొటనవేలితో నొక్కి చూడండి. మధ్యాహ్నం ఎండలో మళ్లీ నొక్కండి. తేడా ఏమిటో నోటు పుస్తకంలో రాసి తీసుకురండి.