పట్టా అందని ప్రొఫెసరు – మేరీ కాల్కిన్స్



చదువుల్లో బహుమతులు పొందిన పిల్లల్ని పెద్దలు సభలో నిలబెట్టి అభినందించినప్పుడల్లా నాకు ఒకావిడ గుర్తుకు వస్తారు. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న మా మనవరాలి పుస్తకాలు తిరగేస్తూ ఆమె గురించి తెలుసుకున్నాను. పేరు మేరీ విటన్ కాల్కిన్స్. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘానికి అధ్యక్షత వహించిన తొలి మహిళ. అంతటి ఆమెకు డాక్టరేటు పట్టా మాత్రం అందలేదు. అర్హత లేక కాదు.

ఆమె 1863 మార్చి 30న అమెరికాలోని హార్ట్‌ఫర్డులో జన్మించారు. తండ్రి చర్చి పాస్టరు. ఐదుగురు పిల్లల్లో ఈమే పెద్ద. స్మిత్ కాలేజీలో చదువుతుండగా 1883లో చెల్లెలు చనిపోయింది. ఆ ఏడాది ఇంటిపట్టునే ఉండి చదువుకుని, 1885లో డిగ్రీ పూర్తిచేశారు. 1887లో బోస్టన్ సమీపంలోని వెల్స్‌లీ మహిళా కాలేజీలో గ్రీకు భాష బోధించే ఉద్యోగంలో చేరారు.

మనస్తత్వశాస్త్రం అప్పటికి కొత్త విద్య. కాలేజీవారు ఆ పాఠాలు చెప్పమని ఆమెనే అడిగారు, ముందు ఒక ఏడాది చదువుకుని రావాలన్నారు. దగ్గరలో హార్వర్డు విశ్వవిద్యాలయం ఉంది. అయితే అది మగవారి విద్యాలయం. ఆమె తండ్రి, కాలేజీ అధ్యక్షురాలు ఉత్తరాలు రాయగా, 1890లో క్లాసులో కూర్చోనిచ్చారు. విద్యార్థిగా పేరు మాత్రం నమోదు చేసుకోలేదు. విలియం జేమ్స్ అనే మహాపండితుని తరగతిలో మిగిలినవారంతా మానుకున్నారు. చివరకు గురువు, ఈమె, ఇద్దరే మిగిలారు. క్లార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌ఫర్డు దగ్గర ప్రయోగాలు నేర్చుకుని, 1891లో వెల్స్‌లీలో మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు. మహిళా కాలేజీల్లో అదే మొదటిది.

తర్వాత మళ్లీ హార్వర్డుకు వెళ్లి, మున్‌స్టర్‌బర్గ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో జ్ఞాపకశక్తిపై పరిశోధన చేశారు. ఒక రంగు చూపించి, వెంటనే ఒక అంకె చూపించడం, అలా వరుసగా చూపించాక రంగు మాత్రం చూపి అంకె ఏదని అడగడం ఆమె పద్ధతి. ఎక్కువసార్లు జతగా చూసినవే బాగా గుర్తుంటాయని తేలింది. ఈ జతల పద్ధతిని తరువాతి కాలపు పరిశోధకులు ఎందరో వాడారు.

1894లో ఆమెను డాక్టరేటు అభ్యర్థిగా అంగీకరించమని మున్‌స్టర్‌బర్గ్ పాలకవర్గానికి రాశారు. వారు ఒప్పుకోలేదు. అయినా 1895 మే నెలలో జేమ్స్, రాయిస్, మున్‌స్టర్‌బర్గ్ తదితర ఆచార్యులు తమంతట తామే ఆమెకు పరీక్ష పెట్టారు. ఆమె అన్ని విధాలా అర్హురాలని పాలకవర్గానికి తెలియజేశారు. స్త్రీ కాబట్టి పట్టా ఇవ్వలేదు.

1902లో ఇంకో దారి చూపారు. హార్వర్డు పక్కనే ఉన్న మహిళల కాలేజీ రాడ్‌క్లిఫ్ పేరిట డాక్టరేటు ఇస్తామన్నారు. తీసుకోమని మున్‌స్టర్‌బర్గ్ కూడా నచ్చజెప్పారు. ఆమె వద్దన్నారు. తాను చదివింది హార్వర్డులో, పరిశోధన చేసింది హార్వర్డులో. తాను చదవని కాలేజీ పేరుతో పట్టా పుచ్చుకుంటే, స్త్రీలకు వేరే పట్టా చాలుననే ఏర్పాటుకు తానే ఒప్పుకున్నట్టవుతుందని ఆమె అభిప్రాయం. అదే పట్టా తీసుకున్నవారూ ఉన్నారు. వారిది తప్పని నేను అనను.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో ఏళ్ల తరబడి సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఒక సహోద్యోగికి తొలి నాలుగేళ్ల సర్వీసు లెక్కలోకి రాలేదు. ఇంక్రిమెంటు ఇస్తాం, చేరిన తేదీ మాత్రం తర్వాతిది వేస్తాం అన్నారు పైవారు. ఆయన తటపటాయిస్తుంటే, డబ్బు వస్తోంది కదా, సంతకం పెట్టేయండి గురువుగారూ అని చెప్పింది నేనే. పెట్టారు. రిటైరయ్యే రోజున కూడా ఆ పేజీ తీయించి చూసుకుని, ఏమీ అనకుండా మూసేశారు. ఆయన ఎందుకు చూసుకున్నారో కాల్కిన్స్ కథ చదివాకగాని నాకు బోధపడలేదు.

పట్టా లేకపోయినా ఆమె పని ఆగలేదు. 1905లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘానికి, 1918లో అమెరికా తత్వశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలయ్యారు. రెండు పదవులూ పొందిన తొలి మహిళ ఆమె. కొలంబియా విశ్వవిద్యాలయం 1909లో, తాను చదివిన స్మిత్ కాలేజీ 1910లో గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. మనిషి మనసును ముక్కలుగా కాక, నేను అనే ఎరుకతో కలిపి చూడాలని జీవితాంతం వాదించారు. పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రుల దగ్గరే ఉండి వారిని చూసుకున్నారు.

1927లో హార్వర్డులో చదివిన పేరున్నవారు కొందరు, ఇప్పటికైనా ఆ పట్టా ఇవ్వమని విజ్ఞప్తి చేశారు. మళ్లీ నిరాకరించారు. 1929లో ఆమె రిటైరయ్యారు. మరుసటి ఏడాది, 1930 ఫిబ్రవరి 26న, క్యాన్సరుతో కన్నుమూశారు. రాడ్‌క్లిఫ్ విద్యార్థినులకు హార్వర్డు పట్టాలు ఇవ్వడం 1963లో మొదలైంది. అది ఆమె పుట్టిన నూరో సంవత్సరం.

బహుమతులు అందుకున్న పిల్లలకు నా ఆశీస్సులు. అందుకోని పిల్లలకు ఈ కథ చెప్పండి. అలాగే, ఎవరి కాగితమైనా మన చేతి మీదుగా వెళ్లేటప్పుడు అందులో జరిగిందే రాశామా అని చూసుకోవాలి. ఆ పని నేను ఒకసారి చేయలేదు. ఆ సహోద్యోగి ఇప్పుడు లేరు. అందుకే ఇక్కడ రాసుకున్నాను.